అయిదు గుర్రాల మోటారు – మీటరు లెక్క



మొన్న పొలం గట్టున ఒక రైతు నన్ను ఇలా అడిగాడు: "ఏమండీ, నా అద్దె డీజిలు ఇంజనూ అయిదు గుర్రాలే, మోటారూ అయిదు గుర్రాలే. మీటరు కరెంటు తీసుకుంటే నాకు కలిసొస్తుందా?"

అడగవలసిన ప్రశ్నే. ఈ లెక్క తప్పితే పంటమీద మిగిలేది నీళ్ల ఖర్చుకే పోతుంది. అయితే లీటర్లను యూనిట్లతో సరాసరి పోల్చరాదు. ముందుగా రెంటినీ ఒకే కొలతలోకి మార్చుకోవలెను.

గుర్రపు శక్తి అనగా పని జరిగే వేగం. ఆవిరి యంత్రాన్ని గుర్రాలతో పోల్చడానికి జేమ్స్ వాట్ పెట్టిన కొలత ఇది. ఒక గుర్రపు శక్తి 746 వాట్లు. అయిదింటికి 3,730 వాట్లు, అంటే 3.73 కిలోవాట్లు. మోటారు పలకమీద 3.7 అని కనబడేది ఇదే. ఒక కిలోవాటు చొప్పున గంటసేపు వాడితే మీటరులో ఒక యూనిట్ తిరుగుతుంది.

పలకమీది అంకె ఇరుసు దగ్గర మోటారు ఇచ్చే శక్తి. తీసుకునే కరెంటు ఇంకా ఎక్కువ, ఎందుకంటే కొంత వేడిగా పోతుంది. నూటికి 85 పాళ్లు పనికి వస్తుందనుకుంటే, నిండు బరువుమీద గంటకు సుమారు 4.4 యూనిట్లు. నాలుగు గంటలకు పదిహేడున్నర.

ఇక డీజిలు. లీటరులో ఉన్న వేడి సుమారు 360 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు. భాగిస్తే పది యూనిట్లు! కాని తొందరపడకండి. చిన్న ఇంజను అందులో నాలుగోవంతు పనిగా మారుస్తుందనుకోండి. తక్కినది పొగలోను, వేడిలోను పోతుంది. లీటరుకు దక్కేది రెండున్నర. కావున గంటకు లీటరున్నర, నాలుగు గంటలకు ఆరు లీటర్లు.

ఆరు లీటర్లు ఒకవైపు, పదిహేడున్నర యూనిట్లు ఒకవైపు. అంటే లీటరు డీజిలు ఇంచుమించు మూడు మీటరు యూనిట్ల పని చేస్తుంది. మీ ఊళ్లో లీటరు ధర ఒకచోట, మూడు యూనిట్ల ధర ఒకచోట రాసి చూడండి. ఇంజను అద్దె, కనెక్షను ఖర్చు కలపడం మరువకండి.

పాత ఇంజను ఇంకా ఎక్కువ తాగవచ్చును. ట్యాంకు నిండా పోసి, గంట నడిపి, మళ్లీ నిండడానికి ఎంత పట్టిందో కొలవండి. మీ ఇంజను లెక్క మీకే తేలుతుంది.