పట్టా తరువాత పోడు: గంగారం ఏజెన్సీలో అటవీ హక్కులు, వాతావరణ మార్పు, విస్తరణ సేవల బాధ్యత

మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని పూనుగొండ్లలో పగిడిద్దరాజు గుడి ఉంది. రెండేళ్లకొకసారి మేడారం జాతర వేళ కోయ పూజారులు ఆయనను ఇక్కడి నుంచి అడవి దారిన కాలినడకన తీసుకువెళతారు. సమ్మక్క భర్తగా, కాకతీయుల సామంతుడిగా ఆయనను స్మరించే జనశ్రుతిలో యుద్ధానికి మూలం కరవు. వానలు లేక పంటలు పోయినందున కప్పం కట్టలేనని ఆయన విన్నవించగా, ప్రతాపరుద్రుడు సేనను పంపాడని ఆ కథనం చెబుతుంది. అందులోని చారిత్రకతపై చర్చ ఎలా ఉన్నా, అది లేవనెత్తే ప్రశ్న మాత్రం స్పష్టం. ప్రకృతి ప్రకోపం వల్ల కలిగే నష్టాన్ని సాగుదారు ఒక్కడే మోయాలా, రాజ్యం కూడా పంచుకోవాలా?

ఇదే ప్రశ్న నేడు రాజ్యాంగ పరిభాషలో ముందుకు వస్తున్నది. బట్టమేక పక్షి సంరక్షణకు సంబంధించిన ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో సుప్రీంకోర్టు 2024 మార్చి 21న తీర్పునిస్తూ, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణల్లో అంతర్భాగమని పేర్కొన్నది. ఆ దుష్ప్రభావాల భారం అందరిపై సమానంగా పడదని చెబుతూ అటవీ నివాసులను, ఆదివాసీలను ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఈ హక్కు న్యాయస్థానం నుంచి పోడు చేనుకు చేరాలంటే మధ్యలో ఉండవలసిన వ్యవస్థల్లో వ్యవసాయ విస్తరణ ఒకటి. గంగారం వంటి మండలాల్లో ఆ పాత్రను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కొత్తగూడ మండలం నుంచి ఏర్పడిన గంగారం, అయిదవ షెడ్యూలు కింద ఉన్న ఏజెన్సీ ప్రాంతం. ఏటూరునాగారం సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పరిధిలోకి వస్తుంది. కోయలు ఇక్కడి ప్రధాన ఆదివాసీ సముదాయం. అడవి అంచున, వాలు నేలల్లో సాగే పోడు వ్యవసాయానికి ఇక్కడ తరాల చరిత్ర ఉన్నది.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు లభిస్తుంది. ఈ హక్కు వారసత్వంగా సంక్రమిస్తుంది కాని అమ్మకానికి చెల్లదు. వివాహితుల విషయంలో పత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2021 నవంబరులో కొత్తగా దరఖాస్తులు స్వీకరించి, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పంపిణీని ప్రారంభించింది. ఆ విడతలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలపై పత్రాలు ప్రకటించింది.

అయినా వివాదం ముగియలేదు. తిరస్కరణకు గురైన దరఖాస్తుదారులను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 13న ఇచ్చిన ఉత్తర్వు అదే నెల 28న నిలిచిపోయింది. 2015లో మొదలైన హరితహారం కింద మొక్కలు నాటిన చోట్ల అటవీ సిబ్బందికీ సాగుదారులకూ ఘర్షణలు జరిగాయి. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. ఛత్తీస్‌గఢ్‌లోని హింస వల్ల 2005 తరువాత గోదావరి దాటి వచ్చిన గుత్తికోయ కుటుంబాలకు ఇక్కడ సాగు చేసుకుంటున్న భూమిపై చట్టంలోని గడువు తేదీయే అడ్డుగోడ అవుతున్నది. కొత్తగా అడవి నరకడాన్ని అనుమతించరాదన్న అటవీ శాఖ వాదనలోనూ, ఏళ్లుగా దున్నుతున్న నేలకు గుర్తింపు కావాలన్న సాగుదారుల వాదనలోనూ బలమున్నది.

అభద్రత నేలను ఎలా కోస్తుంది

ఈ వివాదాన్ని సాధారణంగా న్యాయ, పరిపాలనా సమస్యగానే చూస్తారు. నేల శాస్త్ర దృష్టితో చూస్తే మరొక పార్శ్వం కనిపిస్తుంది. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని రైతు రాతి కట్ట వేయడు, కందకం తవ్వడు, పదేళ్లకు కాపుకొచ్చే చెట్టు నాటడు. ఆ శ్రమకు ఫలితం తనకు దక్కుతుందన్న నమ్మకం ఉండదు. పైగా, చేనులో చెట్లు మిగిలి ఉంటే అది సాగు భూమి కాదనే వాదనకు ఆస్కారం కలుగుతుందన్న భయంతో ఇప్ప, తునికి వంటి ఉపయోగకర వృక్షాలను సైతం తొలగించే అవకాశం ఉంది. ఆచ్ఛాదన పోయిన వాలు నేలపై వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండే మొక్కజొన్నను ఏకపంటగా వేస్తే, తొలకరి జల్లులకే పైమట్టి కొట్టుకుపోతుంది. అంటే హక్కు లేకపోవడం నేల కోతకు పరోక్ష కారణమవుతున్నది.

పత్రం లేని రైతు సంస్థాగత రక్షణకు కూడా దూరమే. పంట రుణానికి, పెట్టుబడి సాయానికి, నష్టపరిహారానికి భూమి రికార్డే ప్రాతిపదిక. రాష్ట్రం 2020 వానకాలంలో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి వైదొలగిన తరువాత పత్రం ఉన్న రైతుకు సైతం బీమా రక్షణ కొరవడింది.

మారిన వాన తీరు

గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే అది పట్టి ఉంచగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువల్ల మొత్తం వర్షపాతం పెద్దగా మారకపోయినా కుండపోత వానలు పెరుగుతాయి. ఏ ఒక్క సంఘటననూ వాతావరణ మార్పుకు మాత్రమే ఆపాదించడం శాస్త్రీయం కాదు. కాని ఉమ్మడి వరంగల్ ప్రాంతంలోని ఇటీవలి అనుభవాలు ఈ ధోరణిని గుర్తుచేస్తున్నాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం కురిసింది. అదే వానకు జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో పెనుగాలులకు దాదాపు 50 వేల చెట్లు నేలకూలాయని అటవీ శాఖ అంచనా వేసింది. ఆ మరునాడే మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది.

మొక్కజొన్న మోకాలెత్తు దశకు చేరకముందు నీటి ముంపును తట్టుకోలేదు. వాలు చేలలో మట్టి కోత, దిగువ చేలలో నీటి నిలువ ఒకే వానకు సంభవిస్తాయి. వానల మధ్య విరామం పెరిగితే పూత దశలో బెట్ట తప్పదు. 2018లో దేశంలోకి ప్రవేశించిన కత్తెర పురుగు ఈ పంటకు అదనపు ముప్పు. వేసవిలో అకాల వానలు ఇప్పపూవు, తునికాకు సేకరణను దెబ్బతీస్తే ఆదివాసీ కుటుంబానికి రెండో ఆదాయ మార్గం కూడా మూసుకుపోతుంది.

విస్తరణ సేవల ముందున్న పని

నల్లరేగడి, చల్కా నేలల మైదాన వ్యవసాయం కోసం రూపొందిన సిఫార్సులను పోడు చేలకు యథాతథంగా అందించడం సరికాదు. మొదటి అవసరం నేల లోతు, వాలు ఆధారంగా చేలను వర్గీకరించడం. తక్కువ వాలు, లోతైన నేలల్లో మొక్కజొన్నను వాలుకు అడ్డంగా విత్తి, కందిని అంతర పంటగా వేస్తే నేలకు ఎక్కువ కాలం ఆచ్ఛాదన లభిస్తుంది. ఒక పంట పోయినా మరొకటి మిగిలే అవకాశముంది. లోతు తక్కువ నేలల్లో జొన్న, కొర్ర, సామ వంటి పంటలకు తిరిగి చోటు కల్పించాలి. అయితే విత్తనం, మర పట్టే సదుపాయం, కొనుగోలు లేకుండా చిరుధాన్యాలను సిఫార్సు చేయడం రైతుపై మరో భారం మోపడమే అవుతుంది.

2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ప్రారంభమైన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం 6 లక్షల ఎకరాల పోడు భూములకు సౌర పంపుల ద్వారా సాగునీరు అందించాలని సంకల్పించింది. ఇది ఆహ్వానించదగినది. కాని గట్టి రాతి పొరలున్న వాలు ప్రాంతంలో బోరు తవ్వడానికి ముందు వాన నీటిని నేలలోకి ఇంకించే కట్టలు, కందకాలు ఉండాలి. లేనిపక్షంలో విద్యుత్తు ఉచితమైనా నీరు మిగలదు. మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం, వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి సంస్థలు ఈ ప్రణాళికలో ప్రారంభ దశ నుంచే భాగస్వాములు కావడం అవసరం. పత్రంలో భార్య పేరు ఉన్నప్పుడు శిక్షణకు పిలుపు కూడా ఆమె పేరిట వెళ్లాలి.

గ్రామసభ చేతిలోని అడవి

వ్యక్తిగత పట్టాలపై ఉన్నంత శ్రద్ధ సామూహిక హక్కులపై లేదు. గ్రామసభ తన సంప్రదాయ పరిధిలోని అడవిని పరిరక్షించి, పునరుద్ధరించి, నిర్వహించుకునే హక్కును చట్టంలోని 3(1)(ఐ) నిబంధన గుర్తిస్తుంది. పొరుగు రాష్ట్రమైన మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామం 2009లో సుమారు 1,800 హెక్టార్లపై ఈ హక్కు పొంది, 2011 నుంచి వెదురును తానే విక్రయిస్తున్నది. అడవి ద్వారా ఆదాయం లభించే గ్రామానికి అడవి నరకవలసిన ఒత్తిడి తగ్గుతుంది. చేనుకు పైనున్న అడవి నిలిచినప్పుడే కింది చేనులో మట్టి నిలుస్తుంది. కాబట్టి సామూహిక హక్కును వాతావరణ అనుసరణలో భాగంగానే చూడాలి.

గంగారంలో పట్టా చేతికందిన రైతుకు న్యాయపరమైన భద్రతలో కొంత భాగం లభించింది. ఆ భూమిలో మట్టి మిగలకపోతే వారసత్వంగా సంక్రమించేది కాగితమే. పట్టా రాని రైతు చేను మీద కూడా అదే వాన కురుస్తుంది. అర్హతను నిర్ణయించడం విస్తరణ శాస్త్రవేత్త పని కాదు. ఆ నిర్ణయం వెలువడేదాకా సలహా, విత్తనం, వాతావరణ సమాచారం ఆగిపోకుండా చూడటం మాత్రం ఆయన పనే. కరవు నాటి నష్టాన్ని సాగుదారుపైనే వదిలిన రాజ్యం కథను పూనుగొండ్ల ప్రజలు నేటికీ మరువలేదు. నేటి వ్యవస్థలు ఆ ప్రశ్నకు వేరొక సమాధానం ఇవ్వవలసి ఉన్నది.