డెస్క్‌టాప్ ప్రాసెసరు ఓవర్‌క్లాకింగ్

ఓవర్‌క్లాకింగ్ అనగా కంప్యూటరులోని ప్రాసెసరును తయారీదారు నిర్ణయించిన వేగముకంటే అధిక వేగముతో నడిపించుట. కొత్త ప్రాసెసరు కొనకుండా పాత కంప్యూటరు నుండి మరికొంత పని రాబట్టుటకు దీనిని చేస్తారు. దీనివలన ప్రాసెసరు కాలిపోవునని చాలామంది భయపడతారు. కాని పెంటియం 4 నాటి నుండి ఇంటెల్ ప్రాసెసర్లు మితిమీరి వేడెక్కినప్పుడు తమంతట తామే నెమ్మదించి, అప్పటికీ వేడి తగ్గకపోతే ఆగిపోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదము, ప్రాసెసరు చెడిపోకుండానే అరుదుగా తప్పు లెక్కలు చేయుట. ఆ తప్పులు హార్డ్ డిస్కులోని ఫైళ్ళలో చేరి, చాలా రోజుల తరువాత గాని బయటపడవు.

వేగము ఎట్లు నిర్ణయమగును

పాత ప్రాసెసర్ల వేగము రెండు సంఖ్యల లబ్ధము. మదర్‌బోర్డు నుండి వచ్చు బస్ వేగము మొదటిది, ప్రాసెసరులోని గుణకము రెండవది. 2007 జనవరిలో విడుదలైన ఇంటెల్ కోర్ 2 క్వాడ్ క్యూ6600లో బస్ వేగము 266 మెగాహెర్ట్జ్, గుణకము 9, వెరసి 2.4 గిగాహెర్ట్జ్. గుణకమును పెంచుటకు వీలులేదు కనుక బస్ వేగమునే పెంచవలెను. 2011లో వచ్చిన శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో బస్ వేగమునకు ఇతర భాగముల వేగములు ముడిపడి ఉన్నందున ఈ పద్ధతి వాటికి దాదాపు పనికిరాదు.

సెలెరాన్ 300ఏ ఉదాహరణ

1998 ఆగస్టులో ఇంటెల్ సెలెరాన్ 300ఏను 149 డాలర్లకు, పెంటియం II 450ని 669 డాలర్లకు విడుదల చేసింది. సెలెరాన్ గుణకము 4.5, బస్ వేగము 66 మెగాహెర్ట్జ్. బస్‌ను 100కు మార్చితే అదే ప్రాసెసరు 450 మెగాహెర్ట్జ్ వేగముతో నడిచేది. ఇందుకై కొందరు బి21 అను పిన్నుపై టేపు అతికించేవారు. అబిట్ బీహెచ్6 వంటి బోర్డులలో ఆ అవసరము లేకుండా బయోస్‌లోనే మార్చవచ్చును.

ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. హార్డ్ డిస్కు కంట్రోలరు ఆధారపడు పీసీఐ బస్ 33 మెగాహెర్ట్జ్ వద్ద నడవవలెను. 440బీఎక్స్ చిప్‌సెట్‌పై 66ను రెండుతో, 100ను మూడుతో భాగించి దీనిని పొందుతారు. మధ్యస్థమైన 83ను ఎన్నుకొని రెండుతో భాగిస్తే పీసీఐ 41.5కు చేరును. ప్రాసెసరు దానిని సులభముగా భరించినా డిస్కులోని సమాచారము పాడయ్యే అవకాశమున్నది. అనగా తక్కువ పెంపు అన్నివేళలా ఎక్కువ క్షేమము కాదు. ప్రాసెసరుతోపాటు ఏయే భాగముల వేగము మారుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. క్యూ6600 నాటి చాలా బోర్డులలో పీసీఐని 33కు, పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను 100కు స్థిరపరచు సౌకర్యమున్నది. దానిని 'ఆటో'లో వదలరాదు.

పద్ధతి

ముందుగా ఫైళ్ళ ప్రతిని వేరొక డిస్కుపై భద్రపరచవలెను. ఫ్యానులోని దుమ్ము తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పూయవలెను. బోర్డుపై కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నచో ఆ కంప్యూటరుపై ఈ ప్రయత్నము తగదు.

తరువాత బస్ వేగమును ఒకేసారి కాక 10 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారి పరీక్షించవలెను. మెమరీ వేగము కూడా బస్‌తో పెరుగును కనుక దాని నిష్పత్తిని తగ్గించి ఉంచితే, వచ్చిన దోషము ప్రాసెసరుదా, మెమరీదా అన్న సందేహముండదు. క్యూ6600కు బస్ 333 చేసినచో 3 గిగాహెర్ట్జ్ లభించును. అప్పుడు డీడీఆర్2-667 మెమరీ తన సహజ వేగముననే నడచును.

వోల్టేజి, ఉష్ణోగ్రత

ప్రాసెసరు వెలువరించు వేడి వేగమునకు అనులోమానుపాతములోను, వోల్టేజి వర్గమునకు అనులోమానుపాతములోను పెరుగును. 2.4 నుండి 3 గిగాహెర్ట్జ్‌కు మార్చితే వేగము 25 శాతము పెరిగినట్లు. దానితోపాటు వోల్టేజిని 1.25 నుండి 1.35కు పెంచితే వేడి సుమారు 46 శాతము పెరుగును. కావున వోల్టేజిని మార్చకుండా ఎంతవరకు పోగలమో ముందు చూచి, తప్పనిసరియైనప్పుడే స్వల్పముగా పెంచవలెను. అధిక వోల్టేజి ప్రాసెసరు ఆయుస్సును కూడా తగ్గించును.

క్యూ6600 తొలి రకమైన బీ3కి 62.2 డిగ్రీలు, తరువాతి జీ0 రకమునకు 71 డిగ్రీల సెల్సియస్ పరిమితిగా ఇంటెల్ పేర్కొన్నది. ఇవి లోహపు మూత ఉపరితలమునకు చెందినవి. కోర్ టెంప్ వంటి సాఫ్ట్‌వేరు చూపునది లోపలి కోర్ల ఉష్ణోగ్రత. రెండింటిని ఒకటిగా భావించరాదు. గది ఎంత వేడెక్కితే ప్రాసెసరు కూడా ఇంచుమించు అంతే వేడెక్కును. జనవరిలో విజయవాడలోనో రామగుండములోనో నిలకడగా నడచిన అమరిక మే నెలలో విఫలము కావచ్చును.

నిలకడ పరీక్ష

విండోస్ తెరచుకొన్నంత మాత్రాన నిలకడ ఉన్నట్లు కాదు. మెమరీకి మెమ్‌టెస్ట్86, ప్రాసెసరుకు ప్రైమ్95 వాడుక. మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణకై తయారైన ప్రైమ్95 ముందే జవాబు తెలిసిన లెక్కలను చేయించి సరిపోల్చును కాబట్టి, కంప్యూటరు ఆగిపోకుండానే జరిగిన తప్పును సైతము పట్టుకొనగలదు. దీనిని ఒక రాత్రంతా నడిపించుట మంచిది. ఒక్క తప్పు వచ్చినా వేగమును ఒక మెట్టు తగ్గించి మరల మొదటి నుండి పరీక్షించవలెను. పరీక్ష పూర్తి కాకముందు ఆపరేటింగ్ సిస్టము స్థాపించుట, ముఖ్యమైన ఫైళ్ళను సవరించుట తగదు.

పూర్వస్థితికి తెచ్చుట

మార్పు తరువాత తెర వెలగనిచో కంగారు పడనవసరము లేదు. విద్యుత్ తీగను పూర్తిగా తొలగించి, మదర్‌బోర్డు పుస్తకములో చూపిన సీమాస్ జంపరును మార్చినను, గుండ్రని బ్యాటరీని కొన్ని నిమిషములపాటు తీసి ఉంచినను బయోస్ అమరికలు మొదటి స్థితికి వచ్చును. తేదీ, సమయము మరల సరిచేయవలసి యుండును.