అమ్మమ్మ సిల్వర్ గిన్నె డౌట్

సంక్రాంతి సెలవులకి ఊరెళ్తే, గిన్నెలు తోముతూ అమ్మమ్మ అడిగింది: "ఏరా, రాగి చెంబు నల్లబడుద్ది, పెనం తుప్పు పడుద్ది. ఈ సిల్వర్ గిన్నెకి ఏమీ కాదు. అంటే ఇదే కదా మంచి సరుకు?"

మన ఇళ్లలో సిల్వర్ అంటే అల్యూమినియం అని మీకూ తెలుసుగా. "కాదు అమ్మమ్మా, మూడిట్లో బాగా రియాక్టివ్ అదే" అనేశా.

"మరి తుప్పు పట్టదే?"

దొరికిపోయా. రియాక్టివిటీ సిరీస్ బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, తెలుగులో ఒక్క ముక్క చెప్పలేకపోయా. ఆ రాత్రి కూర్చుని చదివితే అర్థమైంది ఇదీ.

చాలా లోహాలు నేలలో ఒంటరిగా ఉండవు. ఆక్సిజన్‌నో సల్ఫర్‌నో పట్టుకుని ఉంటాయి. ఎంత రియాక్టివ్ అయితే అంత గట్టి పట్టు. బంగారం దాదాపు ఎవరినీ పట్టుకోదు, అందుకే బంగారంలాగే దొరుకుతుంది. రాగి సల్ఫైడ్‌ని గాలిలో కాలిస్తే సల్ఫర్ వాయువుగా పోతుంది, పెద్దగా పేచీ పెట్టదు. ఇనుముకి మాత్రం బొగ్గు కావాలి. వైజాగ్ స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ చేసేది రెండు పనులు: వేడి ఇవ్వడం, కార్బన్ మోనాక్సైడ్‌గా మారి ఆక్సిజన్‌ని లాక్కోవడం.

నాకు బాగా నచ్చింది జింక్ (ఇత్తడి బిందెలో రాగితో పాటు ఉండేది ఇదే). దీన్ని కూడా బొగ్గు విడదీస్తుంది, కానీ దానికి కావాల్సిన వేడిలో జింక్ ద్రవంగా ఉండదు. 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ ఆవిరికి గాలి తగిలిందా, మళ్లీ ఆక్సైడే! రాజస్థాన్‌లోని జావర్‌లో మనవాళ్లు వంకాయ ఆకారంలో మట్టి మూసలు చేసి, తలకిందులుగా పెట్టి, ఆవిరి గొట్టంలోంచి కిందికి దిగి చల్లబడేలా చేశారు. యూరప్‌లో 1738లో విలియం ఛాంపియన్ పేటెంట్ తీసుకోవడానికి కొన్ని వందల ఏళ్ల ముందే. ఇది ఏ టెస్ట్‌లోనూ నన్నెవరూ అడగలేదు.

అల్యూమినియం దగ్గర ఆ కొలిమి, బొగ్గు పద్ధతి పనిచేయదు. పట్టు అంత గట్టిది. కరెంటుతోనే విడదీయాలి, అంటే ముందు ద్రవంగా చేయాలి. అల్యూమినా కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో హెరూ, ఒకరికొకరు తెలియకుండానే దాన్ని కరిగిన క్రయోలైట్‌లో కలిపి 960 డిగ్రీల దగ్గరే పని కానిచ్చారు. ఇద్దరూ 1863లోనే పుట్టారు, అంటే మన ఫైనలియర్ సీనియర్ల కంటే ఏడాదో రెండేళ్లో పెద్ద, అంతే. ఇప్పటికీ కిలోకి దాదాపు 14 యూనిట్ల కరెంటు కావాలి. పాత గిన్నె కరిగిస్తే అందులో ఇరవయ్యో వంతు చాలు. పాత సామానువాడు సిల్వర్ ముక్కని వదలడంటే వదలడు మరి.

తుప్పు సంగతి? అల్యూమినియం గాలి తగలగానే పట్టేసుకుంటుంది, కానీ ఆ ఆక్సైడ్ పొర పలచగా, అతుక్కుని ఉండి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పులా పెచ్చులూడదు. పులుపు తగిలితే మాత్రం ఆ పొర కరుగుతుంది.

పొద్దున్నే ఇదంతా చెప్పా. అమ్మమ్మ మొత్తం విని, "అందుకేగా సిల్వర్ గిన్నెలో చింతపండు పులుసు కాయొద్దని మీ అమ్మకి మొత్తుకునేది" అంది.