రాత్రి 2:10కి ఆ రిపోర్టు చూసిందెవరు?

ఒక ఆసుపత్రి డేటాబేస్ ఉందనుకుందాం. ఒకరి రక్తపరీక్ష రిపోర్టు బయటికి పొక్కింది. అది ఎవరి కంట పడిందో తేల్చాలంటే ఆడిట్ లాగ్ కావాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కణ్నుంచి, ఏ టేబుల్ జోలికి వెళ్లారో రాసుకుపోయే చిట్టా అది. దాన్ని ఆన్ చేసి వదిలేస్తే చాలదని ఈ అంకెలు చెబుతాయి.

0 వరుసలు

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఈ పనికి పీజీఆడిట్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. దాన్ని చేర్చి సర్వర్ రీస్టార్ట్ చేసినా చిట్టా ఖాళీగానే ఉంటుంది. ఏం రాయాలో చెప్పే సెట్టింగు 'నన్' అని ఉండటమే కారణం. ఇంకో చిక్కు: లాగ్ వరుస మొదట్లో మామూలుగా వచ్చేది సమయం, ప్రాసెస్ నంబరు మాత్రమే. యూజర్ పేరు, ఐపీ అడ్రస్ మనమే చేర్చాలి. లేకపోతే దొంగతనం కనిపిస్తుంది, దొంగ కనిపించడు.

180 రోజులు

భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి. సెకనుకు 200 క్వెరీలు, వరుసకు 500 బైట్లు అనుకోండి. రోజుకు 1.728 కోట్ల వరుసలు, 8.64 జీబీ. 180 రోజులకు 1,555 జీబీ! అందుకే అన్నీ రాయించకూడదు. రోగుల టేబుళ్లకు మాత్రం చదివినా రాయించాలి. మిగతావాటికి మార్పులు, అధికారాల కేటాయింపులు చాలు. రాసేది పదో వంతుకు తగ్గితే దాదాపు 156 జీబీతో సరిపోతుంది.

5:30 గంటలు

లాగ్‌లో 20:40 అని ఉంది. సర్వర్ మన సమయానికి 5:30 గంటలు వెనకుండే యూటీసీలో నడుస్తుంటే, అది మన లెక్కలో మర్నాడు తెల్లవారుజాము 2:10. తేదీ కూడా మారిపోయింది. ఇది గమనించకపోతే సాయంత్రం డ్యూటీవాళ్ల మీద నింద పడుతుంది.

1 సూపర్‌యూజర్

సూపర్‌యూజర్ అధికారం ఉన్నవాళ్లు ఆడిట్‌నే ఆపేయగలరు. కాబట్టి లాగ్‌లను వాళ్ల చేతికి అందని వేరే సర్వర్‌కు ఎప్పటికప్పుడు పంపాలి.

6 గంటలు

దాడిని గమనించాక సెర్ట్-ఇన్‌కు తెలపడానికి ఉన్న గడువిది. ఈరోజే రోగుల టేబుల్ మీద మీరే ఒక క్వెరీ నడిపి, సహోద్యోగిని లాగ్‌లో వెతకమనండి. మీ పేరు దొరకడానికి ఎంతసేపు పట్టిందో చూస్తే, ఆ 6 గంటలు చాలుతాయో లేదో తెలిసిపోతుంది.