మాటే మందు!

మనోవిశ్లేషణ అనగానే అందరికీ ఫ్రాయిడే గుర్తొస్తాడు. కానీ ‘మాటల వైద్యం’ అన్న పేరు పెట్టింది ఆయన కాదు. ఆయన ఎన్నడూ వైద్యం చేయని ఓ ఇరవై రెండేళ్ల రోగి! ఆమె మారుపేరుతో పుస్తకాలకెక్కింది. ఆమె కథ మాత్రం సగమే బయటికొచ్చింది. మిగతా సగం తెలియడానికి తొంభై ఏళ్లు పట్టింది.

1881 వేసవి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఎండలు మండిపోతున్నాయి. ఆ అమ్మాయికి విపరీతమైన దాహం. మంచినీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకుంటుంది. పెదాల దాకా తెచ్చేసరికి ఏదో అసహ్యం... గ్లాసు పక్కకి నెట్టేస్తుంది. ఎందుకో ఆమెకే తెలీదు. పుచ్చకాయల్లాంటి పండ్లతో గొంతు తడుపుకుంటూ ఆరు వారాలు గడిపేసింది.

ఓ రోజు డాక్టరు ఎదుట మగతలో ఉండగా, తనకు తోడుగా ఉండే ఇంగ్లిష్ మహిళ గురించి చిరాగ్గా చెప్పడం మొదలుపెట్టింది. ఓసారి ఆవిడ గదిలోకి వెళ్తే, ఆవిడ పెంపుడు కుక్క గ్లాసులోంచి నీళ్లు తాగుతూ కనిపించిందట. మర్యాద కోసం అప్పుడేమీ అనలేకపోయింది. దిగమింగుకున్న కోపమంతా ఇప్పుడు వెళ్లగక్కింది. వెంటనే నీళ్లడిగి గడగడా తాగేసింది. మగత వదిలేసరికి గ్లాసు ఇంకా పెదాల దగ్గరే ఉంది. ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

ఇది ఆమెకు వైద్యం చేసిన డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ రాసుకొచ్చిన సంఘటన. ఆమెకు ఆయన పెట్టిన మారుపేరు ‘అన్నా ఓ’. అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్.

నాన్న మంచం పక్కన...

బెర్తా 1859లో వియన్నాలో ఓ సంపన్న యూదు కుటుంబంలో పుట్టింది. చురుకైన పిల్ల. జర్మన్‌తోపాటు ఇంగ్లిష్, ఫ్రెంచ్, ఇటాలియన్ కూడా వచ్చు. కానీ పదహారేళ్లకే చదువు ఆగిపోయింది. తమ్ముడు పైచదువులకు వెళ్లాడు. ఆమెకు మిగిలింది కుట్లు, అల్లికలు, ఇంటిపనులు. చేతులు పని చేస్తుంటే మనసు పగటికలల్లో తేలిపోయేది. వాటికి ఆమె పెట్టుకున్న పేరు ‘సొంత నాటకశాల’.

1880 వేసవిలో తండ్రి జబ్బుపడ్డాడు. రాత్రిళ్లు మంచం పక్కన కూర్చుని సేవచేసే పని బెర్తా మీద పడింది. కొన్ని నెలలకు ఆమే మంచం పట్టింది. ముందు దగ్గు. తర్వాత చూపు తేడా. కుడి చెయ్యి చచ్చుబడింది. మాతృభాష జర్మన్ నోటికి రావడం మానేసి, ఇంగ్లిష్ మాత్రమే మిగిలింది. 1881 ఏప్రిల్‌లో తండ్రి పోయాడు. పరిస్థితి మరీ దిగజారింది.

ఆ రోజుల్లో దీన్ని ‘హిస్టీరియా’ అనేవారు. శరీరంలో లోపం కనపడకపోతే నటనేమోనన్న అనుమానమూ ఉండేది. బ్రాయర్ అలా అనుకోలేదు. దాదాపు రోజూ వచ్చి కూర్చునేవారు. ఆమె చెప్పేది వినేవారు. అంతే! సాయంత్రంపూట మగతలో కథలూ భయాలూ చెప్పేసుకున్నాక ఆమె మనసు తేలికపడేది. దానికి ఆమే ఇంగ్లిష్‌లో ‘టాకింగ్ క్యూర్’ అని పేరు పెట్టింది. సరదాగా ఉన్నప్పుడైతే ‘చిమ్నీ స్వీపింగ్’ అనేది... అంటే పొగగొట్టంలో పేరుకున్న మసి దులపడమన్నమాట.

ఓ లక్షణం మొదటిసారి ఎప్పుడొచ్చిందో తవ్వుకుంటూ వెళ్తే అది పోయేదని బ్రాయర్ రాశారు. చచ్చుబడిన చేతి వెనకా ఓ రాత్రి ఉంది. తండ్రి పక్కన కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్న ఆమెకు, ఓ నల్లపాము గోడమీంచి తండ్రి మీదికి వస్తున్నట్టు భ్రమ కలిగింది. తోలేద్దామంటే తిమ్మిరెక్కిన చెయ్యి కదల్లేదు. ప్రార్థన చేద్దామంటే మాట రాలేదు. చివరికి గుర్తొచ్చినవి పిల్లల ఇంగ్లిష్ పద్యంలోని ముక్కలు!

మూతపెట్టిన ఎసరు

1882 నవంబరులో బ్రాయర్ ఈ సంగతి తన యువ మిత్రుడితో చెప్పారు. ఆ మిత్రుడే సిగ్మండ్ ఫ్రాయిడ్. అప్పటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. ఆ కథ ఆయన్ను వదల్లేదు. 1895లో ఇద్దరూ కలిసి హిస్టీరియా మీద ఓ పుస్తకం తెచ్చారు. అందులో మొదటి రోగి అన్నా ఓ. మరుసటి ఏడాదే ఫ్రాయిడ్ ‘సైకోఎనాలిసిస్’ అన్న మాట వాడారు.

ఆయన సిద్ధాంతాన్ని వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. మూత గట్టిగా నొక్కిపెట్టాం. ఆవిరి ఊరుకుంటుందా? సందు వెతుక్కుంటుంది. మనసు భరించలేని కోరికలూ కోపాలూ జ్ఞాపకాలూ అంతే. వాటిని మనకు తెలీకుండానే లోపలికి తోసేస్తాం. ఇదే అణచివేత. అవి చేరే చోటు అచేతన. అక్కడవి చచ్చిపోవు. కలలుగా, నోరుజారిన మాటలుగా, కారణం తెలియని జబ్బులుగా వేషం మార్చుకుని బయటికొస్తాయి.

మరి వాటిని పట్టుకునేదెలా? ఫ్రాయిడ్ హిప్నాసిస్‌ని క్రమంగా వదిలేశారు. రోగిని సోఫాలో పడుకోబెట్టి, తాను వెనక కూర్చుని, ఒకే నియమం పెట్టారు. మనసులో ఏది మెదిలితే అది చెప్పాలి. సిగ్గనిపించినా, అర్థంలేనిదనిపించినా దాచకూడదు. వినడానికి తేలికే. చేయబోతే తెలుస్తుంది కష్టం! కొందరికి హఠాత్తుగా మాట ఆగిపోతుంది. కొందరు ఆలస్యంగా వస్తారు. ‘ఇవాళ చెప్పడానికేం లేదండీ’ అంటారు. ఫ్రాయిడ్ దీన్ని ప్రతిఘటన అన్నారు. ఎక్కడ మాట ఆగిందో అక్కడే అసలు విషయం దాగుందని ఆయన నమ్మకం.

ఇంకో చిక్కూ ఉంది. చిన్నప్పుడు తండ్రి దగ్గర భయంభయంగా పెరిగిన మనిషి, పెద్దయ్యాక ఆఫీసరు ముందూ అలాగే వణుకుతాడు. డాక్టరు దగ్గరా అంతే. పాత బంధాల్లోని ప్రేమా, కోపమూ, అలకా డాక్టరు మీదికి మళ్లుతాయి. దీని పేరు ట్రాన్స్‌ఫరెన్స్. 1900లో పద్దెనిమిదేళ్ల ఓ అమ్మాయి పదకొండు వారాలకే వైద్యం మానేసి వెళ్లిపోయింది. ఆ భావాల మళ్లింపుని తాను సమయానికి గుర్తించలేకపోయానని ఫ్రాయిడ్ తర్వాత రాసుకున్నారు. ఇవాళ మనోవిశ్లేషకులు చేసే పనిలో సగం దీన్ని గమనించడమే.

ఫొటో చెప్పిన నిజం

ఇంతకీ బెర్తాకి నయమైందా? వైద్యం 1882 జూన్‌లో ముగిసింది. కోలుకోవడానికి చాలాకాలం పట్టిందనీ, తర్వాత పూర్తి ఆరోగ్యంగా ఉందనీ బ్రాయర్ పుస్తకంలో రాశారు. దశాబ్దాలపాటు అందరూ అదే నమ్మారు. 1953లో ఫ్రాయిడ్ జీవితచరిత్ర రాసిన ఎర్నెస్ట్ జోన్స్ ఆమె అసలు పేరు బయటపెట్టారు. ఆమె ఆత్మీయులకు అది రుచించలేదు. ఆమెకు డాక్టరు మీద ప్రేమ పుట్టిందనీ, గర్భవతినన్న భ్రమలో పడిందనీ, బ్రాయర్ బెదిరిపోయి భార్యతో విహారయాత్రకి వెళ్తే అప్పుడే ఓ కూతురు కడుపున పడిందనీ కూడా జోన్స్ రాశారు.

హెన్రీ ఎలెన్‌బెర్గర్ అనే చరిత్రకారుడికి ఇదంతా నమ్మబుద్ధి కాలేదు. బ్రాయర్ కూతురి పుట్టినతేదీ తీస్తే 1882 మార్చి. అంటే వైద్యం ముగియడానికి మూడు నెలల ముందే! తర్వాత బెర్తా ఫొటో ఒకటి ఆయన చేతికొచ్చింది. గుర్రపుస్వారీ దుస్తుల్లో నిలబడి ఉంది. దానిమీద 1882 అని ఉంది. నయం కాలేదనుకున్న మనిషి ఈ దుస్తుల్లో ఎక్కడుంది? పోలీసు ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే ఫొటోగ్రాఫర్ ఊరు తేలింది... కాన్‌స్టాన్స్. దాని పక్కనే, స్విట్జర్లాండ్‌లోని క్రాయిట్స్‌లింగెన్‌లో పేరున్న మానసిక చికిత్సాలయం ఉండేది. అక్కడి పాత కాగితాల్లో బెర్తా రికార్డు దొరికింది. స్వయంగా బ్రాయర్ రాసి పంపిన నివేదికతో సహా!

1972లో ఎలెన్‌బెర్గర్ ఆ వివరాలు ప్రచురించారు. ‘టాకింగ్ క్యూర్’ ముగిసిన నెలరోజులకే బెర్తా అక్కడ చేరింది. ముఖం నొప్పికి ఇచ్చిన మార్ఫిన్ అలవాటైపోయింది. జర్మన్ ఇంకా అప్పుడప్పుడూ నోటికి రాకుండా పోయేది. 1887 దాకా ఆమె మరో మూడుసార్లు ఆసుపత్రిలో ఉందని తర్వాతి పరిశోధనలో తేలింది. అంటే మాటల వైద్యంలో తొలి విజయంగా చెప్పుకున్న కథ, రాసినంత గొప్ప విజయం కాదన్నమాట. అసలామెది హిస్టీరియానా, మెదడు జబ్బా అన్న వాదన కూడా నేటికీ సాగుతోంది.

రెండో జీవితం

1888లో బెర్తా తల్లితో కలిసి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిపోయింది. అక్కడ మరో మనిషి కనిపిస్తుంది. పిల్లల కథలు రాసింది. 1895లో, ఆమె జబ్బు పుస్తకంగా అచ్చయిన ఏడాదే, యూదు అనాథ బాలికల ఆశ్రమానికి పెద్దయింది. స్త్రీల హక్కుల మీద మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసిన పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువదించింది. 1904లో యూదు మహిళల సంఘం స్థాపించింది. పేద పిల్లల్ని వ్యభిచారంలోకి దింపుతున్న ముఠాలకు వ్యతిరేకంగా దేశదేశాలు తిరిగింది. 1907లో నాయ్ ఇజెన్‌బుర్గ్‌లో పెళ్లికాని తల్లులకీ, వారి బిడ్డలకీ ఆశ్రయం కట్టింది. 1936లో నాజీ పోలీసులు ఆమెను ప్రశ్నించారు. ఆ మే నెలలోనే కన్నుమూసింది. ఆ ఆశ్రమంపై 1938లో దాడి జరిగింది. 1942లో మూతపడింది.

వియన్నా రోజుల గురించి ఆమె ఎప్పుడూ నోరు విప్పలేదు. తన సంరక్షణలోని పిల్లలకి ఎవరైనా మనోవిశ్లేషణ చేయిద్దామంటే ససేమిరా అనేదట!

ఇప్పుడేమంటున్నారు?

ఫ్రాయిడ్ చెప్పినవన్నీ నిలబడలేదు. ఆ సిద్ధాంతాన్ని తప్పని నిరూపించే దారే లేదు కాబట్టి అది సైన్స్ కాదన్నారు తత్వవేత్త కార్ల్ పాపర్. మనదేశంలో 1922లోనే తన ఇంట్లో మనోవిశ్లేషణ సంఘం నెలకొల్పిన కలకత్తా డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్, తన భారతీయ రోగుల్లో కొన్ని భయాలు యూరప్ వాళ్లలో ఉన్నంత బలంగా లేవని నేరుగా ఫ్రాయిడ్‌కే ఉత్తరం రాశారు. ‘హిస్టీరియా’ అన్న పేరుని అమెరికా మనోవైద్యులు 1980లో తమ జాబితాలోంచి తీసేశారు. అయినా శరీరంలో లోపం దొరక్కుండానే కాళ్లూ చేతులూ చచ్చుబడటం నిజమైన బాధేననీ, నటన కాదనీ నేటి వైద్యులు ఒప్పుకుంటారు.

మాట విలువ కూడా పోలేదు. కుంగుబాటుకీ ఆందోళనకీ నేడు వాడే రకరకాల కౌన్సెలింగ్‌లు, చికిత్సలు... వీటిలో చాలావాటికి మూలం ఆ సాయంత్రాలే. ఒకరు చెప్పడం, ఒకరు తొందరపెట్టకుండా వినడం. కొందరికి దాంతోపాటు మందులూ కావాలి. కొందరికి ఏళ్లు పడుతుంది. బెర్తా కథ చెప్పేదీ అదే... మాట మందే కానీ మంత్రం కాదు.

1954లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం ఆమె బొమ్మతో తపాలాబిళ్ల తెచ్చింది. దానిమీద ‘అన్నా ఓ’ అన్న పేరు ఎక్కడా లేదు. ఆమె సొంత పేరు, దాంతో ఓ చిన్న వాక్యం... ‘మానవాళికి తోడ్పడినవారు’.