పలుగురాయిలో మెరిసేదంతా బంగారమేనా? వేడినీటి ఊటల అసలు కథ

లింగాల ఘనపూర్ దిక్కు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "అన్నా, అగ్నిపర్వతాల కాడ వేడినీటి ఊటల్లో బంగారం తయారైతదట, రీల్‌లో చూసినం. మా చెల్కల పలుగురాయి ఉన్నది, పచ్చగా మెరుస్తున్నది. ఇది గూడ అదేనా?"

రీల్‌లో చెప్పింది సగం నిజం. ఊటలో బంగారం పుట్టదు. రాళ్లలో, కరిగిన శిలాద్రవంలో కంటికి కనపడనంత సన్నగా చెదిరి ఉన్నదాన్ని నీళ్లు ఒకచోటికి మోసుకొస్తాయి, అంతే.

ఎట్లా అంటే, వాన నీళ్లు పగుళ్లలోంచి లోపలికి దిగుతాయి. అగ్నిపర్వతం కింది వేడికి 200, 300 డిగ్రీల దాకా కాగుతాయి. అయినా మరగవు. పైనున్న నీళ్ల బరువు కుక్కర్ మూతలా అదిమి పెడుతుంది. ఆ నీళ్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, అదే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే గ్యాస్. మామూలు నీళ్లలో కరగని బంగారం, ఈ గంధకం తోడు దొరికితే కరుగుతుంది. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి నీళ్లు ఒక్కసారిగా మరుగుతాయి. సోడా సీసా మూత తీసినట్టు గ్యాస్ బుస్సున పోతుంది. తోడు పోయిన బంగారం ఆ పగులులోనే దిగిపోతుంది. వెండి కూడా ఇట్లాంటి చోట్లనే దిగుతుంది, కాకపోతే అది చాలావరకు క్లోరైడ్‌ను పట్టుకొని వస్తుంది. నీళ్లలోని సిలికా గడ్డకట్టి పలుగురాయి అవుతుంది. పలుగురాయికీ బంగారానికీ చుట్టరికం ఇక్కడే కుదిరింది.

న్యూజిలాండ్‌లో వైయోటపు దగ్గర షాంపేన్ పూల్ అనే వేడినీటి గుంట ఉంది. దాని అంచున నారింజ రంగులో పేరుకున్న మడ్డిలో ఆర్సెనిక్, ఆంటిమొనీతో పాటు బంగారం, వెండి ఉన్నాయి. అట్లని బిందె పట్టుకొని పోకండి! ఆ దేశంలోనే ఓహాకి అనే చోట లోతు నీళ్లను కొలిస్తే, వెయ్యి టన్నులకు ఒకటి రెండు గ్రాముల బంగారమే, తులం కూడా కాదు. వేల ఏండ్లు ఆగకుండా పారితేనే గని అవుతుంది. జపాన్‌లోని హిషికారి అట్లాంటిదే. 1985 నుంచి తవ్వుతున్నారు. చాలా గనుల్లో టన్ను రాయికి కొన్ని గ్రాములు వస్తే గొప్ప, అక్కడ 30 గ్రాములకు పైగా వచ్చింది. ఇప్పటికీ గనిలో 65 డిగ్రీల వేడినీళ్లు ఊరుతాయి, వాటిని తోడి పక్కనున్న స్నానాల హోటళ్లకు ఇస్తారు.

మరి మన జనగామ దిక్కు? ఊట బంగారం ఎక్కువగా పైనుంచి ఒక కిలోమీటరు లోపలే ఉంటుంది. హిషికారి వయసు పది లక్షల ఏండ్లే. మన గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏండ్లు, అదీ ఒకప్పుడు భూమిలో కిలోమీటర్ల లోతున గడ్డకట్టిన రాయి. పైనున్నదంతా ఎప్పుడో వానకు, గాలికి కొట్టుకపోయింది. అందుకే ఇక్కడ ఊట బంగారం దొరికే ఆశ లేదు.

మన దక్షిణాది బంగారం వేరే రకం. కర్నూలు జిల్లా జొన్నగిరి, సినిమాతో అందరికీ తెలిసిన కోలార్, రెండూ అదే కోవ. అక్కడా మోసింది వేడినీళ్లే, కానీ అది భూమి లోతుల్లో జరిగింది, అగ్నిపర్వతపు ఊటల్లో కాదు. కోలార్‌లో 3 కిలోమీటర్లకు మించి తవ్వి, 2001లో మూసేశారు. ఆ బంగారం కూడా ప్రత్యేకమైన పాత రాళ్ల పట్టీల్లోనే ఉంటుంది, ప్రతి పలుగురాయిలో ఉండదు.

"మణుగూరులో వేడినీళ్లు వస్తున్నాయి కదా" అంటారు. నిజమే, పగిడేరులో ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు కూడా పెట్టింది. కానీ అక్కడ అగ్నిపర్వతం లేదు. గోదావరి లోయ పగుళ్లలో లోతుకు పోయిన నీళ్లు భూమి వేడికే కాగుతున్నాయి.

ఇక మీ చెల్కల రాయి. మిషన్ పెట్టి బంగారం చూపిస్తానని ఎవరైనా అడ్వాన్స్ అడిగితే, పైసలు తీసే ముందు ఇంట్లోనే ఇది చేయండి. మెరిసేదాన్ని గోరుతో గీకండి, పొరలుగా ఊడితే కాకిబంగారం, అంటే అభ్రకం. ఊడకపోతే సుత్తితో మెల్లగా కొట్టండి, కండ్లకు దెబ్బ తగలకుండా చూసుకోండి. నల్లటి పొడి అయితే పైరైట్, అంటే ఇనుము, గంధకం. బంగారం అయితే పొడి కాదు, రేకులా సాగుతుంది.