మైసూరు బ్యాంకు ఎవరిది?

బెంగళూరున మైసూరు బ్యాంకు కూడలిని ఎరుగనివారు అరుదు. కాని ఆ పేరు నిచ్చిన బ్యాంకు నేడు లేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా నుండగా, 1913లో సంస్థాన ప్రభుత్వపు అండతో అది వాటాదారుల సంస్థగా స్థాపింపబడినది. 1960లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధ సంస్థయై స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూరు అను పేరు దాల్చినది. 2017 ఏప్రిల్ 1న మాతృసంస్థలో లీనమైనది. 1923లో బందరున వెలసిన మన ఆంధ్రా బ్యాంకును 2020లో యూనియన్ బ్యాంకు కలుపుకొనినది.

బ్యాంకు వాటాదారులది, దాచిన సొమ్ము దాచినవారిది. అది బ్యాంకు మనకు తీర్పవలసిన ఋణము. ఇట్లు ఒక బ్యాంకు మరియొకదానిలో కలిసినప్పుడు ఆ ఋణమును కలుపుకొనిన బ్యాంకే వహించును. కావున తలిదండ్రులు తమ పెద్దల పాత పాసుపుస్తకములను పారవేయరాదు. మైసూరు బ్యాంకు పుస్తకమున్నచో స్టేట్ బ్యాంకు శాఖలో విచారింపవలెను; పిల్లలనుకూడ వెంటగొనిపోయిన, పొదుపు పాఠము వారికి కన్నులార తెలియును.